ఇంటి ప్రార్థన పీటకు వేపా, టేకా?

అమ్మ రోజూ సాయంత్రం మోకరించి జపమాల చెప్పుకుంటుంది. ఆమె కోసం నల్లగొండలోని మా ఇంట్లోనే మోకాళ్ల పీట చేశాను. కింద మోకాళ్లకు ఒక పలక, ముందు చేతులు ఆనించడానికి ఎత్తులో ఇంకో పలక ఉంటాయి. మొదట పెరట్లో కొట్టిన వేపతో, తర్వాత సామిల్లులో కొన్న టేకుతో.

వేపకు చెదల భయం తక్కువ, మాకైతే ఖర్చు కోత కూలి మాత్రమే. కానీ పోగులు అటూ ఇటూ అల్లుకుని ఉండటంతో చిత్రిక పడుతుంటే పొరలు లేస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఆరబెట్టడం. అంగుళం మందం పలకకు నీడలో దాదాపు ఏడాది కావాలి. మన ఎండలో పెడితే వంకర తిరుగుతుంది, చివరల నుంచి పగులుతుంది. కోసిన రోజే చివరలకు రంగో మైనమో పూసి, పలకల మధ్య బద్దలు పెట్టి పేర్చాలి. నేను మూడు నెలలకే పని మొదలుపెట్టాను. వేసవికి కుసులు, అంటే ఒక కర్ర చివర చెక్కి ఇంకో కర్ర బెజ్జంలో దూర్చే నాలుకలు, వదులయ్యాయి. అమ్మ మోచేతులు ఆనించగానే పీట ఊగింది. ఆ రోజు మనసు చివుక్కుమంది.

టేకు ఉలికి చక్కగా లొంగుతుంది, ఎండకూ వానకూ పెద్దగా కదలదు. ధర ఎక్కువే. చేవ, అంటే దుంగ నడుమ ఉండే ముదురు రంగు గట్టి కర్ర, చూసి కొనాలి. అంచున తెల్లగా ఉన్న భాగాన్ని చెదలు వదలవు.

కొలతలు రెండింటికీ ఒకటే. మోకాళ్ల పలక నేల నుంచి 15–18 సెంటీమీటర్ల ఎత్తు, చేతుల పలక 75–80, వెడల్పు 55–60. చేతుల పలకను మోకరించేవారి వైపు కొద్దిగా వాల్చి, అంచుకు సన్నని పట్టీ కొడితే బైబిలు జారదు.

క్రిస్మస్ నాటికే కావాలంటే టేకు కొనండి. నేను చట్రమంతా టేకుతో చేసి, బాగా ఆరిన వేపను మోకాళ్ల పలకకు వాడాను. ఆ చెట్టు నాన్న నాటినది.