వాపు కంటి కింద, జబ్బు పంటిలో

మా కుక్క బన్నీ ల్యాబ్రడార్, తొమ్మిదేళ్ళు. గత నెల దాని కుడి కంటి కింద గోలీకాయంత వాపు వచ్చింది. ముందు వేరేచోట చూపిస్తే కంటి చుక్కలు రాశారు. వారం తగ్గి మళ్ళీ పొంగింది. అప్పుడు టెన్షన్‌తో విశాఖ ఎంవీపీ కాలనీలోని ఈ పశువుల క్లినిక్‌కి పరిగెత్తాం.

డాక్టరమ్మ పై పెదవి ఎత్తి, "ఇదిగో, ఇక్కడ చూడండమ్మా" అన్నారు. లోపల పెద్ద పన్ను పక్క నుంచి పెచ్చు ఊడిపోయి ఉంది, మధ్యలో గోధుమరంగు చుక్క. ఆ పంటి వేళ్ళు సరిగ్గా కంటి కిందికే వెళ్తాయట. చీము పట్టింది అక్కడే.

"బొమికలు పెడతారా?" అని అడిగారు. ప్రతి ఆదివారం మటన్ బొమికలన్నీ దానికే మరి.

బల్ల మీదున్న కుక్క పుర్రె తీసి దవడలు ఆడించి చూపించారు. పై నాలుగో ప్రీమోలార్ (ముందు దవడ పన్ను), కింది మొదటి మోలార్ (వెనక దవడ పన్ను) ఒకదాన్నొకటి రాసుకుంటూ అచ్చం కత్తెరలా దిగాయి. వీటినే కార్నాసియల్ పళ్ళంటారు. మాంసం తెగేది వీటి మధ్యే. మన దవడ తిరగలిలా పక్కలకి కూడా ఆడుతుంది. కుక్కది పైకీ కిందికీ అంతే, అందుకే కోసి మింగేస్తుంది. కోరలు పట్టుకోడానికి, ముందరి చిన్న పళ్ళు ఎముకకంటిన మాంసం గీరడానికి. కుక్కకున్న 42 పళ్ళలో వెనక కొన్ని చదునైనవి, అందుకే పెరుగన్నం కూడా తింటుంది. పులికి 30 పళ్ళే, ఆ చదునువి లేనట్టే. ఎండాడ జూలో పులి తల పక్కకి వాల్చి మాంసం కొరకడం చూశాను. కత్తెర బుగ్గ వైపుంటే అలాగే కదా కొరకాలి!

అంత పదునైన పన్నూ గట్టి బొమిక మీద పడితే పెచ్చు లేస్తుంది. బొటనవేలి గోరు దిగనిదేదీ కొరకడానికి ఇవ్వొద్దన్నారు.

రక్తపరీక్ష చేసి, మత్తిచ్చి, ఎక్స్‌రే తీసి, మూడు వేళ్ళున్న ఆ పన్నుని ముక్కలుగా కోసి తీశారు. ఖర్చెంతో ముందే చెప్పారు, పైసా ఎక్కువ తీసుకోలేదు. సాయంత్రాలు మాత్రం రద్దీ, గంటన్నర కూర్చున్నాం. కుక్కలకీ పిల్లులకీ వేరే గదులుంటే బాగుండేది.

వాపు పూర్తిగా పోయింది. ఆదివారం కుక్కర్ విజిల్ వినగానే బన్నీ ఇప్పటికీ వంటింటి గుమ్మంలో కూర్చుంటుంది. దానికి ఉప్పూ కారం ఉల్లీ లేకుండా విడిగా ఉడకబెట్టిన మెత్తటి ముక్కలు పెడుతున్నాను.