లంక పొగాకు, మట్టి మూకుడు, మా మావయ్యగారి ముక్కు

ముందే చెప్పేస్తున్నా, నేను ముక్కుపొడుం పీల్చను. ఇంట్లో చేసిన పొడుం మీద రాస్తున్న ఈ రివ్యూలో ఘాటు గురించి, వాసన గురించి ఉన్న తీర్పులన్నీ మా మావయ్యగారివి. ఆయనకి 83. పొడుం అలవాటుకి 60 దాటింది. ఈఎన్‌టీ డాక్టరు మానేయమంటే "అలాగేనండి" అని బయటికొచ్చి, ఆస్పత్రి మెట్ల మీదే చిటికెడు పట్టించిన మనిషి.

ఆయన వాడే రకం మూడు నెలలుగా మా వీధి కొట్లో దొరకడం లేదు. బదులుగా నేను తెచ్చిన రేకు డబ్బీ మూత తీసి వాసన చూసి, "ఇది పొడుం కాదమ్మా, పెళ్ళివారి పన్నీరు" అని పక్కన పెట్టేశారు. "మా నాన్న ఇంట్లోనే చేసేవాడు. నువ్వు చెయ్యలేవా?" అన్నారు. కందిపొడి కొట్టమన్నంత తేలిగ్గా అన్నారు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఓ పాత పొగాకు కొట్టుంది. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. "చుట్టకా అమ్మా, నమలడానికా?" అనడిగాడు కొట్టాయన. పొడుంకి అనగానే లెక్క పుస్తకం మూసేసి నా వంక చూశాడు. తాడులా మెలిపెట్టిన కట్ట ఒకటి తీసి, పురి విప్పి ఒక ఆకు చేతిలో పెట్టాడు. "లంక ఆకండి. గోదారి వరద తీశాక ఒండ్రులో వేసింది. ఈనె తీసెయ్యండి, లేకపోతే ముక్కులో గుచ్చుకుంటాది" అన్నాడు. పావు కిలో 140 రూపాయలు. 1947లో పొగాకు పరిశోధనా కేంద్రంగా పెట్టిన సంస్థ ఇదే ఊళ్ళో ఉంది. దాని ముందు నుంచే రోజూ బ్యాంకుకి వెళ్తాను గానీ పొగాకు గురించి నాకెవరైనా ఒక్క ముక్క చెప్పడం అదే మొదలు. కొట్టాయనకి ఐదుకి ఐదు. న్యూస్ పేపర్లో చుట్టిచ్చిన పొట్లం నా హ్యాండ్‌బ్యాగ్‌కి వారం రోజులు వాసన పట్టించినందుకు అర మార్కు కోద్దామనుకున్నా, మనసొప్పలేదు.

మొదటిసారి నా తెలివి చూపించాను. ఈనెలు తీసి, ఆకుని ఎండలో పెట్టి, పెనం మీద సన్నసెగన అప్పడంలా విరిగేదాకా వేయించి, మిక్సీలో వేశాను. మూత తీయగానే మా ఆయన హాల్లోంచి తుమ్మడం మొదలుపెట్టారు. పదకొండు లెక్కపెట్టి మానేశాను. పొడి చూస్తే సగం పిండి, సగం రవ్వ. జార్ ఎన్నిసార్లు కడిగినా మర్నాడు కొబ్బరి పచ్చడి పొగాకు పచ్చడే అయింది. ఆ జార్ ఇప్పుడు అటక మీదుంది.

అంతకంటే పెద్ద తప్పు సున్నం. "సున్నపు తేట ఉద్ధరిణెడు" అని మావయ్యగారు చెబితే, నేను పైన తేరిన నీళ్ళు కాకుండా సున్నమే కలిపేశాను. పొడుంలో సున్నం ఊరికే వెయ్యరు. ఆ క్షారం వల్ల పొగాకులో నికోటిన్ విడివడి, ఘాటు తొందరగా ఎక్కుతుంది. ఎక్కువైతే ముక్కు లోపలి పొర మండిపోతుంది. ఒక్క పీల్పుకే ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. పది నిమిషాలు మాట లేదు. నాకు ఒకటే టెన్షన్. తేరుకుని, "మూకుడు తీసుకురా, నేను నూరతా" అన్నారు.

వసారాలో కూర్చుని, మట్టి మూకుడు రెండు పాదాల మధ్య ఇరికించుకుని, పప్పుగుత్తి తిరగేసి కాడతో నూరడం మొదలెట్టారు. గరగరమనే చప్పుడు పోయి సరసరమని వచ్చేదాకా ఆపలేదు. మధ్యలో చేతులు మారుద్దామంటే నన్ను ముట్టుకోనివ్వలేదు. పాత పంచె ముక్కలో జల్లించి, తేట నాలుగు చుక్కలు చిలకరించి, వేలి కొసన నెయ్యి రాసి పొడంతా రుద్దారు. అప్పటిదాకా ఊపిరి తగిలితే లేచే పొడి, నెయ్యి పడగానే అణిగిపోయింది. నునుపుగా వేలికి అంటుకుంది. యాభై గ్రాములకి రెండు గంటలు పట్టింది.

రాత్రంతా పొడుంకాయలో ఉంచి పొద్దున్నే తీశారు. బొటనవేలు, చూపుడువేలు. ఎడమ ముక్కు, కుడి ముక్కు. తుమ్ము లేదు, అది కొత్తవాళ్ళకేనట. కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుని, "నెయ్యి కాస్త ఎక్కువైంది" అన్నారు. అని ఇంకో చిటికెడు తీశారు.

పొడుంకి ఆయన ఐదుకి నాలుగు ఇమ్మన్నారు. ఆయన రెండు గంటల నడుం నొప్పి, నా మిక్సీ జార్ లెక్కేసి నేను మూడు ఇస్తున్నా. అలవాటు లేనివాళ్ళు సరదాకి కూడా చెయ్యొద్దు, నికోటిన్ నికోటినే. కొట్లో డబ్బీ మీదైతే 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ, రాత ఉంటాయి. మిగిలింది నేను హార్లిక్స్ సీసాలో పోసి, మా అబ్బాయి కాఫీ పొడి అనుకోకుండా స్కెచ్ పెన్నుతో "తాతయ్యది, ముట్టుకోకు" అని రాసి పెట్టాను. రెండో రోజు దాని కింద వణుకుతున్న అక్షరాలతో ఇంకో లైను చేరింది: "కోడలు కూడా."