హామ్‌స్టర్ దురదకి శాతం రాయని ‘మైట్ డ్రాప్స్’ అమ్ముతున్నారు, కొనకండి

ఏ షాపో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. మైట్స్ అంటే చర్మంలో చేరే, కంటికి కనపడనంత చిన్న పురుగులు; వాటికి మందట ఇది. చిన్న డ్రాపర్ సీసా, దాని మీద హామ్‌స్టర్ బొమ్మ స్టిక్కర్. లోపల ఏ మందో, ఎంత శాతమో ఒక్క అక్షరం లేదు. "మెడ మీద ఒక చుక్క, చెవుల వెనక చెరొకటి, వారంలో దురద మాయం" అన్నారు. మా హామ్‌స్టర్‌కి వేశాను. సాయంత్రానికి వణుకు, చొంగ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడక. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

ఇందులో ఏముందని మెసేజ్ పెడితే తీరిగ్గా వచ్చిన జవాబు: "ఐవర్‌మెక్టిన్ అండీ, ఒక శాతం, పశువులకి వాడేదే. గేదెకే ఏం కాదు, దీనికేమవుతుంది?" చచ్చిపోయిందని చెప్తే, "ఎలుకే కదండీ, ఇంకోటి పట్టుకెళ్లండి, తగ్గించి ఇస్తాం." పక్కన నవ్వు బొమ్మ కూడా.

గేదెకి ఏం కాదు, మహాప్రభో! ఐవర్‌మెక్టిన్ అంటే పురుగుల్ని చంపే మందు, బరువుని బట్టి ఇవ్వాలి. గేదె బరువు వందల కిలోలు. ఒక శాతం అంటే మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల మందు. డ్రాపర్ చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే చుక్కకి 0.5 మిల్లీగ్రాము. మూడు చుక్కలకి 1.5. వెట్ డాక్టర్లు మామూలుగా కిలో బరువుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. 40 గ్రాముల డ్వార్ఫ్‌కి (చిన్న జాతి హామ్‌స్టర్‌కి) అది 0.008 నుంచి 0.016. తక్కువలో తక్కువ తొంభై రెట్లు పడింది. 120 గ్రాముల సిరియన్‌కైనా (పెద్ద జాతికైనా) ముప్పై రెట్లు. ఒంటి మీద పడిందంతా లోపలికి ఇంకకపోయినా, మిగిలింది నాకేస్తుంది. అందుకే డాక్టర్లు ముందు గ్రాముల్లో తూచి, మందు బాగా పలచన చేసి ఇస్తారు. ఎక్కువైతే దీనికి విరుగుడు మందు లేదు. ఈ లెక్క నాకు రాక కాదు, కానీ చుక్కలు పోసేశాక లెక్కేశాను. శాతం లేని సీసా కొన్న తెలివి నాదే.

ఇంకో ఘోరం ఏంటంటే, అసలు మైట్సేనా అని చూసినవాడు లేడు. అదే షాపులో "సువాసన" అని అమ్మే, కేజ్‌లో పరిచే పైన్ చెక్క పొట్టు చాలు దురద రావడానికి. పైన్, సెడార్‌లో వాసననిచ్చే నూనెలు చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ మండిస్తాయి. పొట్ట, పాదాలు, పొట్టు తగిలే చోట్ల ఎర్రబడితే ముందు దాన్నే అనుమానించాలి. డెమోడెక్స్ మైట్స్ అయితే నడుము, వీపు మీద బొచ్చు రాలి చర్మం పొలుసులుగా లేస్తుంది, దురద పెద్దగా ఉండదు. అది ఎక్కువగా ముసలి వాటికో, లోపల ఇంకో జబ్బు ఉన్నవాటికో వస్తుంది. చెవులు, ముక్కు, పాదాల మీద పక్కులు కట్టి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి మైట్స్. గుండ్రంగా బొచ్చు ఊడితే తామర కావచ్చు. దాని మీద ఐవర్‌మెక్టిన్ పని చెయ్యదు, పైగా ఆ తామర మనకీ అంటుకుంటుంది. సిరియన్‌కి రెండు పక్కలా నల్ల మచ్చలుంటాయే, అవి వాసన గ్రంథులు, జబ్బే కాదు. వాటిని చూపించి కూడా సీసా అంటగడుతున్నారట!

ఏం చెయ్యాలంటే, ముందు పొట్టు తీసేసి వాసన లేని కాగితం బెడ్డింగ్ వేయండి. నీళ్లతో స్నానం వద్దు, పౌడర్ వద్దు, అది దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకోడానికి గిన్నెలో ఇసుక చాలు. రెండు వారాల్లో తగ్గకపోయినా, ఈలోపు పుండ్లు పడినా, చిన్న జంతువుల్ని చూసే డాక్టర్‌తో చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూపించండి. మైట్సే అని తేలితే కేజ్ వేడినీళ్లతో కడిగి, చెక్క సామాను పారేయండి. మందు మళ్లీ ఎన్నాళ్లకి వేయాలో ఆయన్నే చెప్పనివ్వండి.

ఆ సీసా ఇప్పటికే వాడేసి ఉంటే, చుక్క పడ్డ చోటు గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి, వెచ్చగా ఉంచి, సీసాతో సహా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. వణుకు మొదలయ్యేదాకా చూడొద్దు.