పరుగు పందెం లెక్కలు ఇంత బాగా చెప్పిన కోర్సు ఇదే

గ్రూప్స్, ఎస్సై పరీక్షలకు చదివేవాళ్ల కోసం చేసిన ఈ అర్థమెటిక్ వీడియో కోర్సులో కాలం-దూరం పాఠం నాకు చాలా నచ్చింది. 100 మీటర్ల పందెంలో రాము సోమును 10 మీటర్ల తేడాతో ఓడించాడు, సోము కూడా భీమును అంతే తేడాతో ఓడించాడు, మరి రాముకీ భీముకీ తేడా ఎంత అంటే చాలామంది 20 అని టిక్ పెట్టేస్తారు. సార్ ఫార్ములా జోలికి పోకుండా బోర్డు మీద గీత గీసి, రాము 100 దాటేసరికి సోము 90 దగ్గర ఉంటాడు, భీము వేగం సోము వేగంలో పదింట తొమ్మిది వంతులే కాబట్టి 81 దగ్గరే ఉంటాడు, తేడా 19 అని చూపిస్తారు. ఎంత హాయిగా అర్థమవుతుందో! గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చడానికి వాడే 5/18 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా 1000ని 3600తో భాగించి చెప్పారు. రౌండ్ ట్రాక్ లెక్కలు మాత్రం హడావుడిగా లాగించేశారు, ప్రాక్టీస్ బిట్లూ తక్కువే. ఆ భాగం మళ్లీ రికార్డ్ చేయాలి.