మెర్కూర్ 34సీ: మొదటి సేఫ్టీ రేజర్‌గా ఎలా ఉంది?

జర్మనీలోని సోలింగెన్‌లో తయారయ్యే మెర్కూర్ 34సీ అనే ఈ సేఫ్టీ రేజర్‌ను (రెండంచుల బ్లేడు ఒక్కటే వేసి గీసుకునేది) కొత్తవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పొట్టిగా, లావుగా, గరుకు గీతలతో ఉండే పిడి చేతిలో చక్కగా ఇముడుతుంది. బరువు దాదాపు 78 గ్రాములు ఉండడం వల్ల, కార్ట్రిడ్జ్ రేజర్‌కు (బ్లేడ్లున్న తలను మొత్తంగా మార్చే రకం) అలవాటుపడినవారు చేసినట్టు చెంపకు అదిమి పట్టకుండా, బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా, వెంట్రుకలు పెరిగే దిశలోనే కొద్దికొద్దిగా లాగితే చాలు. పిడి అడుగున ఉన్న మరను తిప్పితే పైమూత ఊడుతుంది. బ్లేడు అంచు రెండు వైపులా సమానంగా కనిపిస్తోందో లేదో బిగించేటప్పుడు చూసుకోవాలి. సబ్బు నురగ అంటితే క్రోమ్ పూత ఉన్న పిడి చేతిలో కాస్త జారుతుంది, అదొక్కటే నాకు నచ్చనిది. బాగా పదునైన ఫెదర్ కంపెనీ బ్లేడ్ల జోలికి తొలినాళ్లలో పోకపోవడం మేలు.

సేకరించాలన్న సరదా పుడితే, 1960లనాటి జిల్లెట్ స్లిమ్ అడ్జస్టబుల్ అనే రేజర్ వెతకండి: రేజర్ తల అడుగున ఉండే అక్షరం తయారైన సంవత్సరాన్ని, అంకె త్రైమాసికాన్ని తెలుపుతాయి.