యాభై రెండు వేలు కట్టి పోఖరాలో వారం, రోజుకు ఎనిమిది వందలతో బందీపూర్‌లో రెండు వారాలు

వేసవి సెలవుల్లో విదేశంలో పాఠాలు చెప్పొచ్చు, సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త పద్ధతులు నేర్చుకోవచ్చు అంటూ టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా మార్చికల్లా ప్రకటనలు మొదలవుతాయి. 2024లో మేమిద్దరం అలాంటి ఒకదానికి డబ్బు కట్టాం. నేను మదనపల్లె దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్తాను. నాతో వచ్చింది మా మ్యాథ్స్ మేడమ్. రిటైర్మెంటుకు ఇంక రెండేళ్లుంది ఆమెకు, నేను అక్కా అని పిలుస్తాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది కాబట్టి దారి పొడవునా మాటలన్నీ ఆమెవే.

ఏజెన్సీ ఫీజు మనిషికి 52,000 రూపాయలు. నేపాల్‌లోని పోఖరాలో మూడు వారాలు స్కూల్లో బోధన, ఒక కుటుంబంతో బస, మూడు పూటలా భోజనం, నేపాలీ ఉపాధ్యాయులతో శిక్షణ అని కాగితంలో ఉంది. ప్రయాణం ఖర్చు వేరే. నేపాల్ అయినా విదేశమే కాబట్టి ప్రభుత్వ టీచరు శాఖ అనుమతి తీసుకోవాలి. మా కాగితాలు ఒక ఆఫీసులో ఒకే టేబుల్ మీద నలభై రోజులున్నాయి. జనవరిలోనే దరఖాస్తు పెట్టుకోండి, మాలాగా మార్చి దాకా ఆగొద్దు.

విజయవాడలో రాప్తీసాగర్ రైలెక్కి గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి బస్సులో సునౌలీ, సరిహద్దు నడిచి దాటి భైరహవా, మళ్లీ బస్సులో పోఖరా. ఏ ఇబ్బందీ లేదు. భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే చాలు, ఆధార్ మాత్రం నమ్ముకోవద్దు. మన వంద నేపాల్‌లో 160. మేం వెళ్లినప్పుడు మన 500 నోట్లు అక్కడ చెల్లేవి కావు. అందుకే అక్క వంద నోట్ల కట్టలు రెండు చీర మడతల్లో పెట్టుకొచ్చింది. పోఖరా దుకాణాల్లో మన యూపీఐ పనిచేసింది, ఊళ్లలో పనిచేయలేదు.

పోఖరాలో దిగాక చూస్తే కుటుంబమూ లేదు, ఇల్లూ లేదు. లేక్‌సైడ్ రోడ్డు వెనక సందులో మూడంతస్తుల భవనం, రెండో అంతస్తులో ఒక గది, అందులో మూడు జతల మంచాలు ఒకదాని మీద ఒకటి. ఆరుగురు ఆడవాళ్లకు ఒకటే బాత్‌రూమ్. నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. పరుపు తడి వాసన కొడుతుంటే దుప్పటి తీసి చూశాను. కింద బూజు పట్టి నల్లటి మచ్చలున్నాయి. అక్కకు మోకాళ్ల నొప్పి, ఇచ్చింది పై మంచం. మార్చమంటే ఆ కోఆర్డినేటర్ కుర్రాడు, "ముందొచ్చినవాళ్లది ముందు" అని వెళ్లిపోయాడు. నేను కింద మంచం ఆమెకిచ్చి పైకెక్కాను. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, టీ. రాత్రి పప్పన్నం. మధ్యాహ్నం మన డబ్బుతోనే తినాలట. ఆ నెల అడవుల్లో మంటల పొగ కమ్మేసి ఊరంతా బూడిదరంగులో ఉంది. మచ్చపుచ్ఛ్రే శిఖరం కోసం అక్క రోజూ తెల్లవారుజామునే డాబా ఎక్కి చూసేది, ఏమీ కనపడక దిగివచ్చి మాట్లాడకుండా కూర్చునేది.

ఇవన్నీ ఓర్చుకున్నాం. ఓర్చుకోలేనిది స్కూల్లో ఎదురైంది.

మొదటి రోజు నాలుగో తరగతిలోకి వెళ్లాను. నేను నోరు తెరవకముందే పిల్లలు లేచి శరీర భాగాల పేర్ల పాట ఇంగ్లీషులో అభినయంతో పాడేశారు. తర్వాత రంగుల పాట, ఆపైన వారాల పాట. అన్నీ నోటికొచ్చు. గోడమీద చార్టులో ఇంతకుముందు వచ్చినవాళ్ల పేర్లున్నాయి, స్కెచ్ పెన్నుతో గుండె బొమ్మలు గీసి. లెక్కపెట్టాను, ఆ విద్యా సంవత్సరం మొదలైన మూడు వారాల్లోనే ఐదుగురు. వచ్చిన ప్రతి మనిషీ రంగులూ శరీర భాగాలే మొదలుపెట్టారన్నమాట. ముందు బెంచీలో ఒక పిల్ల నా చీర కొంగు పట్టుకుని, "మిస్, కహిలే జానే?" అంది. ఎప్పుడు వెళ్తారు అని. పేరు కూడా అడగలేదు. ఇరవై రెండేళ్లుగా పిల్లల మధ్య ఉన్నాను, ఇంత బాధపెట్టిన ప్రశ్న నన్ను ఏ పిల్లా అడగలేదు.

ఆ తరగతి అసలు టీచరు వరండాలో నిలబడి ఉంది. మాలాంటివాళ్లు వచ్చినప్పుడల్లా ఆమె పాఠం ఆగిపోతుంది. ఎక్కడ ఆపిందో మళ్లీ అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి. ఫీజులో స్కూలుకు ఏమొస్తుందని అక్క అడిగితే, పోయినసారి ఒక ఫుట్‌బాలూ కొన్ని చార్టు కాగితాలూ వచ్చాయంది. అక్క లెక్కలు చెప్తానంటే కోఆర్డినేటర్ ఒప్పుకోలేదు, ఇంగ్లీషే కావాలన్నాడు. చీరలు కట్టుకుని పిల్లల మధ్య నిలబడమని ఫోటోలు మాత్రం రోజూ తీశాడు.

శుక్రవారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం మమ్మల్ని ఒక పిల్లల ఆశ్రమానికి తీసుకెళ్లారు. అందరూ అనాథలని చెప్పారు. మేం లోపల కూర్చుని ఉండగా గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. చేతిలో బిస్కెట్ ప్యాకెట్లు, కాళ్లకు దుమ్ముకొట్టుకున్న చెప్పులు. ఏడేళ్ల పిల్లాడొకడు మా పక్కనుంచి లేచి "ఆమా!" అని అరుస్తూ పరుగెత్తాడు. ఆ మాటకు మాకెవరూ అర్థం చెప్పక్కర్లేదు. ఐదు నిమిషాలు కూడా కాకముందే ఆమెను పంపేశారు. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. "పిల్లాడికి తల్లి ఉందమ్మా, మనకోసం లేదని చెప్పించినారు" అని ఆ ఒక్క మాటే రెండుసార్లు అంది.

ఇది ఆ ఒక్క గేటు దగ్గర జరిగేది కాదు. నేపాల్‌లో ఇలాంటి ఆశ్రమాలు ఎక్కువగా ఖాట్మండు లోయ, పోఖరా, చిత్వన్ లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే ఉన్నాయి. వాటిలోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మంచి చదువు చెప్పిస్తామని కొండ ఊళ్లనుంచి దళారులు తీసుకొస్తారు. చూడ్డానికి వచ్చి డబ్బిచ్చేవాళ్లు ఉన్నంతకాలం పిల్లలు కావాలి. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఆస్ట్రేలియా ఇలా ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్నీ అందులో లెక్కించింది. టీచర్లం మనం, దయచేసి ఆశ్రమ సందర్శన ఉన్న ఏ కార్యక్రమానికీ వెళ్లకండి. బొమ్మలు పట్టుకుని వెళ్లినా సరే, వెళ్లొద్దు.

వారానికి అక్కడ ఆపేశాం. మిగతా రెండు వారాల డబ్బు తిరిగి ఇమ్మంటే, కట్టింది ఇవ్వబడదని కాగితంలో ఉందన్నారు. ఇంటికొచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, రసీదులు, పరుపు ఫోటోలు, ప్రకటన కాగితం అన్నీ పెట్టాం. ఏడు వారాలకు మనిషికి 18,000 వచ్చాయి. అందుకే చెప్తున్నా, డబ్బు కట్టేముందు ప్రకటనను ఫోన్లో ఫోటో తీసి దాచుకోండి. తర్వాత వాళ్లు మార్చేస్తారు.

వరండాలో నిలబడ్డ ఆ టీచరే మాకు దారి చూపింది. వాళ్ల చెల్లెలు నేపాల్‌లోనే బందీపూర్ అనే కొండ ఊరి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తోంది. ఫోన్ చేసి మాట్లాడింది. ఆ హెడ్మాస్టరు బడి కమిటీని అడిగి, వార్డు ఆఫీసులో చెప్పి, మా ఉద్యోగం గుర్తింపు కార్డులు చూసి రమ్మన్నాడు. పోఖరా నుంచి డుమ్రే డెబ్బై కిలోమీటర్లు కూడా లేదు, రోడ్డు వెడల్పు పనులవల్ల నాలుగు గంటలు పట్టింది. డుమ్రే నుంచి కొండమీదికి జీపు. బందీపూర్ బజారులో నల్లరాతి పలకలు పరిచిన వీధి, రెండు పక్కలా చెక్క కిటికీల నేవారీ ఇళ్లు, వాహనాలు లోపలికి రావు. అక్క ముఖం అక్కడ విప్పారింది. రెండో రోజు రాత్రి వాన కురిసి పొగంతా దిగిపోయింది. తెల్లారేసరికి ఎదురుగా మంచుకొండలు వరస కట్టి ఉన్నాయి. ఆమె నన్ను భుజం పట్టి కుదిపి లేపింది.

బజారుకు అరగంట నడక దూరంలో మగర్ అనే కొండజాతి వాళ్ల కుటుంబం ఇంట్లో ఉన్నాం. మనిషికి రోజుకు 800 నేపాలీ రూపాయలు, అంటే మన 500. రెండు పూటలా భోజనం, టీలు, వేడినీళ్లు అందులోనే. మొదటి రాత్రి కంచు పళ్లెంలో ముదురు గోధుమరంగు ముద్ద పెట్టి, పక్కన గిన్నెలో పులుసు పోశారు. ఢిడో అన్నారు. చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. కోదో పిండితో కెలికారట. నేపాలీలో కోదో అంటే మన రాగులే. అచ్చం మా సంగటి! పులుసు గుంద్రుక్‌తో చేసింది. ఆవ ఆకు, ముల్లంగి ఆకు పులియబెట్టి ఎండబెట్టి దాచుకుంటారు. ఆ పులుపు గోంగూర పులుపు కాదు, కానీ సంగటిలో కలిపితే గోంగూరంత పనిచేస్తుంది. ముద్దను నమలకుండా మింగాలని ఆ ఇంటావిడ మాకు చూపించబోయింది. అక్క అప్పటికే రెండు ముద్దలు మింగి మూడోదానికి గుంట చేసి పులుసు పోసుకుంటోంది. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, లోపలికెళ్లి అత్తగారిని పిలుచుకొచ్చింది. వారం తర్వాత కడుపునిండా తిన్నది ఆ రాత్రే. వేరుశనగ ఊరుబిండి ఒక్కటి ఉంటే ఇంకేమీ అడిగేదాన్ని కాదు.

బడి పదింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. మేం వెళ్లినప్పుడు సెలవు శనివారమే, ఆదివారం బడి ఉండేది. మొదటి ఆదివారం మేం ఆలస్యంగా లేచాం, అలవాటు లేక. ఐదో తరగతి దాకా పిల్లలకు మధ్యాహ్నం ఖాజా, అంటే చిరుతిండి ఇస్తారు, అప్పట్లో ప్రభుత్వం తలకు 15 నేపాలీ రూపాయలు ఇచ్చేదని హెడ్మాస్టరు చెప్పాడు. ఆయన్ను వాళ్లు ప్రధానాధ్యాపక్ అంటారు. విద్యార్థి, ప్రశ్న, ఉత్తర్ అన్నీ మన మాటలే. అక్క ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పింది, అక్కడి సార్ పక్కనే ఉండి. నేను మాత్రం పాఠం చెప్పలేదు. ఆ చెల్లెలు టీచరు తరగతిలో వెనక కూర్చుంటానని అడిగాను. పిల్లలు ఆమెను మిస్ అంటారు, నేను దీదీ అన్నాను.

ఒకటి నుంచి మూడు తరగతులు ఆమె ఒక్కతే చూస్తుంది. అక్కడి బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం ఊపు బాగా ఉంది, మన దగ్గరలాగే. పిల్లల్లో సగం మంది ఇంట్లో మగర్ మాట్లాడతారు. వాళ్లకు నేపాలీయే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. దీదీ దగ్గర పొడుగాటి రిజిస్టరు ఉంది. పేజీకి మూడు గడులు: మగర్, నేపాలీ, ఇంగ్లీషు. ఏ మాటైనా ముందు మగర్ పిల్లలే చెప్పాలి. మిగతావాళ్లు వింటారు. ఆ తర్వాతే నేపాలీ, చివర ఇంగ్లీషు. నీళ్లకు మగర్‌లో ది. కింద పారే మర్స్యాంగ్దీ నది పేరులో ఉన్నది ఆ ది అట. ఆ సంగతి చెప్పినప్పుడు ఒక మగర్ పిల్లాడు నడుము నిటారుగా పెట్టి అందరివైపూ చూశాడు. ఆ చూపు నాకింకా కళ్లముందుంది.

నేపాలీలో పానీ. అది రాస్తుంటే నా చెయ్యి ఆగింది. మా బడికొచ్చే సుగాలి తండా పిల్లలు నీళ్లను పాణీ అనే అంటారు. ఇంటిని ఘర్ అంటారు, నేపాలీలోనూ ఘరే. వాళ్లకూ తెలుగు రెండోది, ఇంగ్లీషు మూడోది. ఇన్నేళ్లుగా ఆ పిల్లల మాట నేను ఒక్కటీ నోట్సులో రాసుకోలేదు. బెంగళూరులో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణిచ్చే ఆర్.ఐ.ఇ.లో 30 రోజుల కోర్సు చేశాను, ఎన్నో శిక్షణలకు వెళ్లాను, అన్నీ ఉపయోగపడ్డాయి. కానీ మూడు గడుల రిజిస్టరు నాకు ఆ కొండమీద దొరికింది. జూన్‌లో బడి తెరవగానే నేనూ ఒకటి కొన్నాను.

ఆ రెండు వారాలకు బస, బడికిచ్చిన డిక్షనరీలు, జీపులు, బస్సులు అన్నీ కలిపి నాకైంది 9,600 భారతీయ రూపాయలు.

బయటికెళ్లి నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా గట్టి మాట: ఉపాధ్యాయుల్ని నిజంగా పిలిచే కార్యక్రమాలు మన దగ్గర డబ్బు తీసుకోవు, వాళ్లే ఖర్చు పెట్టుకుంటారు. జపాన్ ప్రభుత్వం టీచర్లకిచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ అలాంటిది. ఏడాదిన్నర చదువు, 35 ఏళ్ల లోపు ఉండాలి, ఐదేళ్ల అనుభవం కావాలి. వేసవికి సరిపోదు, వయసున్నవాళ్లు వదులుకోవద్దు. అమెరికా ఫుల్‌బ్రైట్‌లో హైస్కూలు టీచర్లకు ఆరు వారాల కార్యక్రమం నడిపారు. అలాంటివాటికి ప్రకటన ఉందో లేదో నేరుగా రాయబార కార్యాలయం వాళ్ల దగ్గరే చూసుకోండి, మధ్యవర్తి దగ్గర కాదు. సొంతంగా వెళ్తే ఒకటే బడి పట్టుకుని ఉండండి, అక్కడి టీచర్ని పక్కకు జరపకండి.

చివరి రోజు దీదీ రిజిస్టరు తెచ్చి, స్కేలు పెట్టి నాలుగో గడి గీసింది. తెలుగు అని పైన దేవనాగరిలో రాసుకుని నాకిచ్చింది. ది, పానీ, వాటర్ పక్కన నీళ్లు అని రాశాను. పిల్లలు పలకబోయి "నీల్లు" అన్నారు. మళ్లీ చెప్పించాను, మళ్లీ నీల్లే. జీపువాడు హారన్ కొడుతుంటే అక్క సంచులు మోస్తూ, "ఇంకొక్కసారి చెప్పించు, వచ్చేస్తుంది" అంది.