దక్షిణ గోవా, పాండిచ్చేరి, కోవళం: ఇంటిల్లిపాదీ వెళ్తే ఏది మేలు?

సముద్రం పక్కన ఖరీదైన హోటల్లో నాలుగు రోజులు ఉందామని బయలుదేరే మన కుటుంబాల్లో సగం మంది నీళ్ళలో దిగరు. అమ్మమ్మ కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని పాదాలు తడుపుకుంటుంది. తాతయ్య కూర్చోడానికి ఎక్కడైనా నీడ ఉందా అని చూస్తాడు. పెద్దమ్మ చెప్పులకీ ఫోన్లకీ కాపలా. కెరటాల్లో ఉండేది పిల్లలూ వాళ్ళ నాన్నా. రిసార్టుల ప్రకటనలన్నీ ఆ దిగేవాళ్ళ కోసమే, డబ్బు మాత్రం అందరికీ కడతాం. అందుకే ఊరు ఎంచేటప్పుడు నేను ముందు దిగనివాళ్ళకి సాయంత్రం ఎలా గడుస్తుందో చూస్తాను.

దిగేవాళ్ళ మాటే అయితే దక్షిణ గోవాకి ఎదురు లేదు. వెల్సావ్ నుంచి మోబోర్ దాకా దాదాపు 25 కిలోమీటర్ల ఇసుక ఎక్కడా తెగదు. కోల్వా, బెనౌలిం, వార్కా, కావెలోసిం అని పేర్లు మారతాయి కానీ తీరం ఒకటే. చిన్నపిల్లలుంటే ఇంకా కిందికి, పాలోలెం వెళ్ళండి. అర్ధచంద్రాకారంలో ఉన్న ఆ మూలలో కెరటాల జోరు తక్కువ. ముఖ్యమైన బీచ్‌లలో లైఫ్‌గార్డులుంటారు. ఎర్ర జెండా పాతిన చోట దిగకపోతే చాలు.

చిక్కు గేటు దాటాక మొదలవుతుంది. ఈ రిసార్టుల బయట కాలినడకన చేరే ఊరంటూ పెద్దగా ఉండదు. కొబ్బరితోటలు, రోడ్డు, ఓ పది కొట్లు, అంతే. గోవాలో ఓలా, ఊబర్ నడవవు. గోవామైల్స్ యాప్ ఉంది కానీ చాలా చోట్ల హోటల్ ముందున్న స్టాండు టాక్సీయే గతి, చిన్న దూరానికైనా బాగానే అడుగుతారు. స్కూటర్ అద్దెకి తీసుకోవచ్చు, కానీ తాతయ్యని వెనక కూర్చోబెట్టుకుని కాదు కదా. విమానం టికెట్ దగ్గరా ఓ మెలిక ఉంది. 2023 జనవరి నుంచి విమానాలు దిగుతున్న మోపా విమానాశ్రయం రాష్ట్రానికి ఉత్తరం కొసన ఉంది. అక్కణ్ణుంచి కావెలోసిం దాదాపు రెండు గంటలు. పాత విమానాశ్రయం దాబోలిం నుంచి అయితే గంట. మోపా టికెట్లో మిగిలింది టాక్సీకి పోతుంది.

ఇంకోటి. ‘సముద్రానికి ఆనుకుని’ అన్న ప్రకటన చూసి కిటికీలోంచి కెరటాలు కనిపిస్తాయనుకోకండి. ఈ పల్లె తీరాల్లో చాలా చోట్ల పోటు గీతకి, అంటే పోటు వేళ నీళ్ళు వచ్చే హద్దుకి, 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కూడవన్న నియమం ఉంది. మంచి నియమమే. గది నుంచి ఇసుక దాకా ఎంత నడవాలో, మోకాళ్ళ నొప్పులవాళ్ళని దించే బ్యాటరీ బండి ఉందో లేదో ఫోన్ చేసి అడగండి.

పాండిచ్చేరి కథ సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఊరు ఉంది, బీచ్ లేదు. 1980ల చివర్లో ఓడరేవు కోసం సముద్రంలోకి రాళ్ళకట్టలు కట్టారు. దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక అక్కడే ఆగిపోయి, ఊరి ముందున్న తీరం కోసుకుపోయింది. ఇప్పుడు బీచ్ రోడ్డు పొడవునా కనిపించేవి నల్లటి బండరాళ్ళే. సచివాలయం ముందు నీటిలో కట్టిన కృత్రిమ దిబ్బ వల్ల కొంత ఇసుక తిరిగొచ్చింది కానీ అది ఈతకి కాదు. చున్నాంబార్ నుంచి పడవలో వెళ్ళే పారడైజ్ బీచ్‌లో ఇసుక బాగుంటుంది. లోపలికి లాగే ప్రవాహం మాత్రం అక్కడ ప్రమాదం, మోకాలి లోతు దాటనివ్వకండి.

అయినా సాయంత్రం ఆరు కాగానే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, తెల్లారి ఏడున్నర దాకా. అప్పుడు చూడాలి ఆ ఊరిని. గాంధీ విగ్రహం దగ్గర్నుంచి పాత లైట్‌హౌస్, ఫ్రెంచి యుద్ధ స్మారకం మీదుగా మెల్లగా నడుస్తూ, అలిసినప్పుడు గట్టు మీద కూర్చుంటూ, హారను మోత లేకుండా గాలి పీల్చుకోవచ్చు. మనక్కుళ వినాయకర్ గుడీ, అరవిందాశ్రమమూ నడిచే దూరంలోనే. పొద్దున ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ, మధ్యాహ్నం భోజనం. పెరుగన్నం కోసం వెతుక్కునే పని లేదు. పిల్లలు క్రొసాంట్ అంటే దానికీ బేకరీలున్నాయి. యానాం వాళ్ళకి ఎటూ ఇది రాజధానే, వాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఇక్కడ గది ఎంపికే అసలు పని. బీచ్ రోడ్డు పక్కనే ఉన్న ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లోని పాత బంగళాలు హోటళ్ళయ్యాయి. ఎత్తైన కప్పులు, లోపలి వాకిళ్ళు, చెక్క మెట్లు. అన్నిట్లోనూ లిఫ్టు ఉండదు, ఈతకొలను ఉన్నా చిన్నదే. పెద్దవాళ్ళకి కింది అంతస్తు గది కావాలని ముందే గట్టిగా చెప్పండి. కొలను కోసం ఊరి బయట రిసార్టులో దిగితే ఆ సాయంత్రాలు పోతాయి, ఇక పాండిచ్చేరి వెళ్ళి ప్రయోజనం ఏమిటి? శని ఆదివారాలు చెన్నై, బెంగళూరు జనంతో కిటకిటలాడుతుంది, ధరలూ అలాగే ఎగురుతాయి. సోమవారం దిగి గురువారం బయటపడండి. ఊరి బయట ఆరోవిల్‌లో ధ్యానమందిరం మాతృమందిరం లోపలికి వెళ్ళాలంటే ముందే బుక్ చేసుకోవాలి; లేదంటే దూరం నుంచి చూసి రావడమే.

కోవళం గురించి రెండు ముక్కలు. తిరువనంతపురం నుంచి 15 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. లైట్‌హౌస్ బీచ్‌లో హోటళ్ళు ఇసుకని ఆనుకునే ఉన్నాయి, దిగేవాళ్ళూ కూర్చునేవాళ్ళూ ఒకే చోట ఉండొచ్చు. కానీ ఊరంతా ఎత్తుపల్లాలు, మెట్లు. దక్షిణాన విళింజంలో 2025 మేలో జాతికి అంకితం చేసిన రేవు వల్ల దిగంతంలో కంటైనర్ ఓడలు కనిపిస్తాయి. కొందరికి అదో వినోదం, నాకు కాదు. పద్మనాభస్వామి దర్శనం మొక్కు ఉంటే మాత్రం మారు ఆలోచించకండి. మగవాళ్ళు చొక్కా లేకుండా పంచెతో, ఆడవాళ్ళు చీరలాంటి సంప్రదాయ దుస్తులతో వెళ్ళాలి.

డబ్బు దగ్గర ఒక్క లెక్క: రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. ఏడు వేల చిల్లర గదికీ ఎనిమిది వేల గదికీ తేడా కనిపించేదానికంటే పెద్దది.

పెద్దవాళ్ళు వెంట ఉంటే నా ఓటు పాండిచ్చేరికి, పిల్లలు కాస్త గునిసినా సరే. భార్యాభర్తలూ పిల్లలే అయితే దక్షిణ గోవా, అదీ దాబోలిం మీదుగా. వైజాగ్ ఎందుకు లేదంటారా? రుషికొండ నాకూ ఇష్టమే, కానీ సగం మందికి అక్కడ చుట్టాలుంటారు, హోటల్లో దిగనిస్తారా?

దసరా సెలవులు అక్టోబరులో పడితే గోవాలో బీచ్ షాకులు (ఇసుక మీద వేసే తాత్కాలిక తిండి పాకలు) అప్పుడప్పుడే లేస్తుంటాయి; నెల సగం దాటాక ఈశాన్య రుతుపవనాలతో పాండిచ్చేరిలో వానలు పట్టుకుంటాయి. సంక్రాంతికి గోవా హాయి, కొత్త సంవత్సరం ధరలు అప్పటికి దిగుతాయి. పొంగల్ సెలవుల్లో పాండిచ్చేరి వద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవా రిసార్టులు చవకే, కానీ అప్పుడు సముద్రంలో దిగనివ్వరు. పిల్లలకి ఆ సంగతి బయలుదేరేముందే చెప్పేయండి.